మందిర్ హసౌద్–రాయ్‌పూర్ ప్రాంతం: నివాసాలు, పాత ఇళ్లు

విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో చివరి స్టేషన్లలో ఒకటి మందిర్ హసౌద్. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, రాయ్‌పూర్ జిల్లాలోని ఈ ఊరు 53వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉంది. ఒకప్పుడు వరి పొలాల మధ్య పల్లె. ఇప్పుడు ఒక పక్క చమురు కంపెనీల డిపోలు, వాటి ముందు బారులు తీరిన ట్యాంకర్లు. మరో పక్క రాష్ట్రం కొత్తగా కట్టుకున్న రాజధాని నవా రాయ్‌పూర్. పడమటి వైపు పాత రాయ్‌పూర్ నగరం. ఊళ్లో పెంకుటిళ్లు, సిమెంటు దాబాలు, మూడంతస్తుల దుకాణాల ఇళ్లు ఒకే వీధిలో కనిపిస్తాయి. మధ్య ఛత్తీస్‌గఢ్ మైదానంలో మనుషులు ఎలాంటి ఇళ్లలో ఉన్నారో, ఉంటున్నారో చూడడానికి ఇది అనువైన చోటు.

ఈ ప్రాంతపు పాత ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. గోడకు ఎన్నేళ్లు అని అడిగితే చాలా ఇళ్లు ఒక తరానికి మించవు. అదే ఇంటి ఏర్పాటు, కట్టే పద్ధతి, ఏటా దాన్ని బాగుచేసుకునే తీరు చూస్తే కొన్ని వందల ఏళ్ల వెనక్కి వెళ్లాలి. కట్టడాల వయసును రాతిలోనూ ఇటుకలోనూ లెక్కించే చట్టాలకు ఈ రెండో రకం పాతదనం కనబడదు.

నేల, రాయి, వాన

రాయ్‌పూర్ మైదానపు రైతు నేలను నాలుగు రకాలుగా చెబుతాడు: నల్లరేగడి కన్హార్, పసుపు పచ్చని మటాసీ, రెండూ కలిసిన డోర్సా, మొరంతో గట్టిపడిన భాటా. మొదటి మూడింట్లో వరి పండుతుంది. భాటా నేల పశువుల మేతకు తప్ప పనికిరాదని వదిలేసేవారు. ఇటీవలి కాలంలో పరిశ్రమలకూ కాలనీలకూ ముందుగా పోయింది ఎక్కువగా ఆ భాటాలే. ఏటా 1,200 మిల్లీమీటర్లకు పైబడి కురిసే వాన దాదాపు అంతా నాలుగు నెలల్లోనే పడుతుంది. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే ఇక్కడి ఇల్లు రెండు పనులు చేయాలి: ఎండను మందపాటి గోడతో ఆపాలి, వానను ఏటవాలు కప్పుతో గోడకు దూరంగా తోసెయ్యాలి.

నేల కింద సున్నపురాయి ఉంది. పలకలు పలకలుగా ఊడివచ్చే ఈ రాతిని ఇక్కడ ఫర్షీ అంటారు. బేతంచర్ల, తాండూరు నాపరాళ్లు ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త కాదు. అయితే మనవాళ్లు ఎక్కువగా నేల మీద పరిచే బండను ఇక్కడ నిలబెట్టి కూడా వాడతారు. పెరటి చుట్టూ, పొలం గట్టు మీద, పక్కపక్కనే పాతిన పలకలే ప్రహరీ. అదే సున్నపురాయి ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో జాముల్, మాంఢర్, బైకుంఠ్ లాంటి చోట్ల సిమెంటు కర్మాగారాలను రప్పించింది. సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడల్లో ఇనుము తయారవుతుంది. సిమెంటు, ఇనుము రెండూ ఇంటి ముంగిట్లోనే దొరికాక మట్టిగోడకు పోటీ ఎంత గట్టిదో చెప్పనక్కర్లేదు.

ఇటుక ఇక్కడ కొత్తది కాదు. మహానది ఒడ్డున ఉన్న సిర్పూర్‌లో ఏడో శతాబ్దపు లక్ష్మణ దేవాలయం దేశంలోని పాత ఇటుక గుడుల్లో పేరెన్నికగన్నది. దాన్ని రాణి వాసట తన భర్త హర్షగుప్తుడి స్మృతిగా కట్టించింది. అక్కడి తవ్వకాల్లో బౌద్ధ విహారాలు, అంగడి వీధి, నివాసాల పునాదులు బయటపడ్డాయి. గుడి శిఖరం దాకా నిలిచింది. ఇళ్లు పునాదుల దగ్గరే ఆగాయి. ఆ తేడా తరువాతి శతాబ్దాల్లోనూ మారలేదు.

పల్లె ఇల్లు

మందిర్ హసౌద్, ఆరంగ్ చుట్టుపక్కల పల్లెల్లో పాత పద్ధతి ఇల్లు వీధి నుంచి చూస్తే పెద్దగా ఏమీ కనిపించదు. ఒక పొడవాటి మట్టిగోడ, దాంట్లో ఒక తలుపు, పైన కిందికి వాలిన పెంకుల చూరు. లోపలికి వెళ్తే వాకిలి తెరుచుకుంటుంది. దాన్ని అంగనా అంటారు. దాని చుట్టూ రెండు వైపులనో, మూడు వైపులనో, కలవారింట నాలుగు వైపులా గదులు. గదుల ముందు స్తంభాల మీద నిలిచిన వసారా, పర్ఛీ. చుట్టం కూర్చునేదీ, బియ్యం చెరిగేదీ, వేసవి రాత్రి పడుకునేదీ, వానాకాలంలో పిల్లలు ఆడుకునేదీ పర్ఛీలోనే. గది తలుపు మూసి ఉండే ఇంట్లో కూడా పర్ఛీ ఖాళీగా ఉండదు.

వంటకు రంధనీ ఖోలీ, పశువులకు కోఠా, ధాన్యానికి మట్టితో చేసిన కోఠీలు. కొన్ని ఇళ్లలో ఈ నిలువెత్తు గాదెలే రెండు గదుల మధ్య అడ్డుగోడ పని చేస్తాయి. వాకిట్లో తులసీ చౌరా. ఇంటి వెనక బారీ అనే కూరపెరడు, ఒక మూల ఎరువుగుంట. ఊరి అంచున నూర్పిళ్లకు బ్యారా అనే కళ్లం. బారీ, ఎరువుగుంట ఈ ఇంటికి ఎంత ముఖ్యమంటే, 2018 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం తన గ్రామీణ కార్యక్రమానికి నరువా, గరువా, ఘురువా, బారీ అని పేరు పెట్టుకుంది. వాగు, పశువు, ఎరువుగుంట, కూరపెరడు. అందులో సగం ఇంటి ఆవరణలోనివే.

కోనసీమ మండువా లోగిలితో దీన్ని పోల్చాలని తెలుగువారికి అనిపిస్తుంది. పోలిక కొంతవరకే నిలుస్తుంది. మండువాలో నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి వాననీళ్లన్నీ నడిమి కుండీలోకి దిగుతాయి. అది ఇంటి లోపలి భాగం. ఛత్తీస్‌గఢ్ వాకిలి బయలు. అందులోకి ఎడ్లు వస్తాయి, బండి వస్తుంది, వడ్లు ఆరబోస్తారు. ఇదే రైలు మార్గం రెండో కొసన, ఉత్తరాంధ్ర తీరంలో కనిపించే చుట్టిళ్లతోనూ దీనికి పోలిక లేదు. తుపాను గాలిని తప్పించుకోవడానికి అక్కడి ఇల్లు గుండ్రమైంది. అంత గాలి లేని ఈ మైదానంలో గోడ పొడుగ్గా సాగిపోయింది.

గోడ కట్టడానికి అచ్చులూ చెక్కలూ అక్కర్లేదు. మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కి, చేతులతో ఒక వరస వేసి, ఆరనిచ్చి, దాని మీద మరో వరస వేస్తారు. తొందరపడితే కింది వరస ఉబ్బి జారిపోతుంది. మట్టి తీసిన గుంట డబ్రీ అనే చిన్న కుంటగా మిగిలి బాతులకూ బట్టలుతకడానికీ పనికొస్తుంది. దూలాలకు సాల వంటి అడవి కర్ర, వాసాలకు వెదురు. పైన కుమ్మరి చేసిన నాటు పెంకులు, ఖప్రా.

ఈ ఇంటికి అసలు ఖర్చు కట్టేటప్పుడు కాదు, ఏటా వస్తుంది. జ్యేష్ఠం వెళ్లేలోపు కప్పు మీది పెంకులన్నీ తీసి, పగిలినవి మార్చి, తిరిగి పేర్చాలి. కోతులు గంతులేసే ఊళ్లలో ఈ పని రెండింతలు. వానలు వెళ్లాక దీపావళికి ముందు గోడలు మళ్లీ అలకాలి. ఛుహీ అనే తెల్లమట్టితో పూత పూసి, అడుగున ఎర్రమన్ను పట్టీ తీరుస్తారు. ఇందులో ఎక్కువ భాగం ఆడవాళ్ల పని. ఛత్తీస్‌గఢ్ ఇంటి అందాన్ని మెచ్చుకునే పుస్తకాలు ఈ చాకిరీని రెండు వాక్యాల్లో ముగిస్తాయి. సిమెంటు ఇల్లు కావాలని ముందుగా అడిగేది ఆ ఇంటి ఆడవాళ్లే అయితే తప్పుపట్టడానికి ఏమీ లేదు.

పండగలు కూడా గుమ్మం దగ్గరే మొదలవుతాయి. శ్రావణ అమావాస్య నాడు, అంటే మన లెక్కలో ఆషాఢ అమావాస్యకు, వచ్చే హరేలీకి తలుపు పైన వేపరెమ్మ గుచ్చుతారు. ఊరి కమ్మరి వచ్చి ద్వారబంధానికి ఇనుప మేకు కొట్టి వెళ్తాడు. కొత్త పంట రాగానే వరికంకులను జడలా అల్లి ఝాలర్ కట్టి గుమ్మానికి వేలాడదీస్తారు. అవి పిచ్చుకల వంతు. పుష్య పౌర్ణమికి ఛేర్‌ఛేరా. పిల్లలు ఇంటింటికీ తిరిగి వడ్లు అడుగుతారు. సిమెంటు ఇంటి ద్వారబంధం ఇనుపదైనా మేకు ఆచారం కొన్నిచోట్ల ఎలాగో నిలుపుకుంటున్నారు.

మట్టితో కట్టిన ఇల్లు ఎంత దూరం వెళ్లగలదో చూపినది ఉత్తరాన సర్గుజా ప్రాంతపు పుహ్‌పుత్రా గ్రామస్థురాలు సోనాబాయి రజ్వార్. ఏళ్ల తరబడి గడప దాటకుండా ఉండిపోయిన ఆమె తన ఇంటి గోడల మీద మనుషులను, పిట్టలను, పశువులను మట్టితో తీర్చింది. ఎండ విరిగి లోపలికి వచ్చేలా వెదురు చుట్టలకు మట్టి పూసి జాలీలు అల్లింది. భోపాల్ భారత్ భవన్‌కు జానపద కళాఖండాలు సేకరిస్తున్నవారు 1983లో ఆ ఇంటిని చూశాకే ఆమె పేరు బయటి ప్రపంచానికి తెలిసింది. అదే ఏడాది జాతీయ పురస్కారం వచ్చింది. ఆమె 2007లో మరణించింది. ఆమె బొమ్మలు మ్యూజియాలకు చేరాయి. ఆ జాలీ మాత్రం గది వెలుతురు కోసం పుట్టినది. మ్యూజియం గోడకు వేలాడితే సగం అర్థం పోతుంది.

దావుల ఇళ్లు, గురువుల ఇళ్లు

1854లో నాగపూర్ రాజ్యంతో పాటు ఛత్తీస్‌గఢ్ బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాల బందోబస్తులో ఊరి శిస్తు వసూలు చేసే మాల్‌గుజార్లకు ఊరి మీద యాజమాన్య హక్కు దక్కింది. ఊళ్లో అతన్ని గౌంటియా అనో, గౌరవంగా దావూ అనో పిలిచేవారు. ఇంటి ఏర్పాటు రైతు ఇంటిదే: వాకిలి, పర్ఛీ, కోఠా. పరిమాణమే వేరు. వీధి వైపు ఎత్తయిన సింహద్వారం, పైన మేడ, చెక్కడపు స్తంభాలు, శిస్తు ధాన్యానికి పెద్ద గాదెలు, వ్యవహారాలు నడిపే కచేరీ పర్ఛీ. 1951లో మాల్‌గుజారీ రద్దయ్యాక ఈ ఇళ్లకు ఆదాయం ఆగిపోయింది. వాటాలు పడ్డాయి. ఒక వాటాదారు స్లాబు వేసుకుంటాడు, రెండోవాడు పట్నం వెళ్లి తాళం వేస్తాడు, మధ్య గోడ వానకు కూలుతుంది. పల్లెల్లో కనబడే సగం మేడ, సగం దిబ్బ ఇళ్ల వెనక కథ చాలావరకు ఇదే.

ఊరి నిర్మాణంలో కులం గోడల కంటే గట్టిది. ఆరంగ్ తహసీలు పల్లెల్లో దళిత సముదాయమైన సత్నామీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారి పారా, అంటే పేట, చాలా ఊళ్లలో వేరుగా ఉంటుంది. దాని నడుమ తెల్లని జైత్‌ఖామ్ స్తంభం, పైన తెల్లజెండా. పంతొమ్మిదో శతాబ్దంలో సత్నామీల గురువు ఘాసీదాస్ పరంపర ఆరంగ్ తహసీలులోని భండార్‌పురీలో ఎత్తయిన మహలు కట్టుకుంది. దావూ కచేరీ ముందు చెప్పులు విప్పి నిలబడాల్సిన కాలంలో సత్నామీల గురువుకు కోట లాంటి ఇల్లు ఉండటం ఏం చెప్పిందో ఊహించవచ్చు. ఈ జిల్లాలో చరిత్ర బరువు మోసే ఇంటిని ఒక్కదాన్నే ఎన్నుకోమంటే, రాజుల కోటల కంటే ముందు దీన్నే చెప్పాలి.

తెలుగువారికి దగ్గరైన మరో చోటు ఇదే జిల్లాలోని చంపారణ్. పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు 1479లో ఇక్కడ జన్మించారని ఆ సంప్రదాయం నమ్మకం. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ తెలుగు బ్రాహ్మణులు. కాశీ నుంచి దక్షిణానికి వెళ్తుండగా దారిలో బిడ్డ పుట్టాడంటారు. ఆ మార్గంలో గుడిని హవేలీగానే భావిస్తారు. శ్రీకృష్ణుడు ఆ ఇంట్లో ఉండే బాలుడు; వేళకు మేలుకొలుపు, భోజనం, నిద్ర. ఇల్లూవాకిలీ లేని అడవి దారిలో పుట్టినవాడి పేరిట అక్కడ ఇప్పుడు దేవుడి ఇల్లు ఉంది. దూరాన గుజరాత్ నుంచి కూడా యాత్రికులు వస్తారు.

పాత రాయ్‌పూర్

రాయ్‌పూర్‌ను కలచురి వంశపు శాఖ నిలబెట్టింది. బ్రహ్మదేవుడి కాలపు 1402 నాటి శాసనం ఆ ఊరి తొలి గట్టి ఆధారాల్లో ఒకటి. పాత ఊరు చెరువుల చుట్టూ పెరిగింది. బూఢా తాలాబ్ పక్కన పురానీ బస్తీ, బ్రాహ్మణ్‌పారా, బుఢాపారా, కాస్త ఎగువన సదర్ బజార్. మొదటి పేటల్లో ఇరుకు గల్లీల మీదికి తెరుచుకునే వాకిలి ఇళ్లు. సదర్ బజారులో కింద దుకాణం, పైన కాపురం, వీధి మీదికి వసారా బాల్కనీ ఉన్న వర్తకుల మేడలు. దూధాధారీ మఠం, జైతూసావ్ మఠం వంటివి ఈ పేటల్లో సగం గుళ్లు, సగం ఇళ్లు. చెరువులు కొన్ని పూడ్చి కట్టడాలు వేశారు. రాజ్‌బంధా చెరువు ఉన్న చోట ఇప్పుడు పత్రికా కార్యాలయాలున్నాయి.

నగరంలో అందరూ చూపించే పాత ఇల్లు బుఢాపారాలోని డే భవన్. 1877లో పద్నాలుగేళ్ల నరేంద్రనాథ్ దత్తా, అంటే తరువాతి వివేకానందుడు, తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబంతో ఇక్కడికి వచ్చి 1879 దాకా ఉన్నాడు. అప్పటికి రాయ్‌పూర్‌కు రైలు లేదు. జబల్‌పూర్ వైపు నుంచి ఎడ్లబండి మీద అడవి దారిన వచ్చారు. ఆ కుటుంబం ఈ ఇంట్లోనే ఉన్నదని నగరం నమ్మిక. ఇది న్యాయవాది భూతనాథ్ డే కుటుంబానిది. ఆయన కొడుకు హరినాథ్ డే ముప్ఫైకి పైగా భాషలు నేర్చి, కలకత్తాలోని ఇంపీరియల్ లైబ్రరీకి అధిపతి అయి, 1911లో ముప్ఫై నాలుగేళ్లకే మరణించాడు. వివేకానందుడి పేరు ముందు ఆ భాషావేత్త పేరు నగరంలో చాలామందికి గుర్తురాదు.

పాత కట్టడం బతకాలంటే దానికి కొత్త పని దొరకాలి. ఈ ప్రాంతం అనుభవం ఇదే. ఖైరాగఢ్ రాజు బీరేంద్ర బహదూర్ సింగ్, రాణి పద్మావతి తమ రాజభవనాన్ని సంగీత విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1956లో మొదలైన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం నేటికీ అందులోనే నడుస్తోంది. కవర్ధా రాజభవనంలో అతిథుల బస ఏర్పాటయింది. రాయ్‌పూర్‌లో దావూ కల్యాణ్ సింగ్ పేరిట ఉన్న ఆసుపత్రి భవనం 2000లో రాష్ట్రం ఏర్పడగానే సచివాలయమైంది, సచివాలయం నవా రాయ్‌పూర్‌కు వెళ్లిపోయాక మళ్లీ ఆసుపత్రి అయింది. ఇలాంటి పని దొరకని సదర్ బజారు మేడలకు మిగిలేది వాటాల తగాదా, ఆపైన కాంప్లెక్సు.

రైలు, ఉక్కు

1888 ప్రాంతంలో బెంగాల్–నాగపూర్ రైల్వే రాయ్‌పూర్‌ను తాకింది. సివిల్ లైన్స్‌లో ఎత్తయిన కప్పుల బంగళాలు, స్టేషను పక్కన వరస క్వార్టర్లు వచ్చాయి. 1931లో విజయనగరం మార్గం పూర్తయ్యాక ఆంధ్ర తీరం, ఈ మైదానం నేరుగా కలిశాయి. రైల్వే ఉద్యోగాల వెంట తెలుగు కుటుంబాలు వచ్చాయి. తరువాత వ్యాగన్ మరమ్మతు కర్మాగారపు కాలనీలోనూ స్థిరపడ్డాయి.

అంతకంటే పెద్ద వలస భిలాయికి. ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. దేశం నలుమూలల నుంచి వచ్చినవారికి సెక్టార్ల వారీగా క్వార్టర్లు కట్టారు. హోదాను బట్టి ఇంటి రకం, ప్రతి సెక్టారుకూ బడి, అంగడి, వైద్యశాల. పారాలో ఇంటి చోటు కులాన్ని చెబితే ఇక్కడ క్వార్టరు రకం జీతాన్ని చెప్పింది. ఒకే గోడకు అటూ ఇటూ తెలుగు, బెంగాలీ, మలయాళీ కుటుంబాలు ఉండటం ఛత్తీస్‌గఢ్‌లో కొత్త సంగతి. క్వార్టరు వెనక మునగచెట్టు, కరివేపాకు మొక్క కనబడితే అందులో ఉన్నది మనవాళ్లేనని పోల్చుకోవచ్చు.

ఇదే రైలు మార్గం మీద ఎదురు వలస కూడా సాగుతుంది. ఒడిశాలోని కాంటాబాంజీ స్టేషను పశ్చిమ ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వెళ్లే కూలీల కూడలి. దసరా దీపావళి దాటాక ముఠాలుగా, ముందుగా తీసుకున్న అడ్వాన్సు బాకీతో, కుటుంబాలకు కుటుంబాలు తెలంగాణ, ఆంధ్ర, తమిళనాడు బట్టీలకు వెళ్తాయి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పల్లెల నుంచీ వెళ్లేవారున్నారు. హైదరాబాదు అపార్టుమెంట్ల ఇటుకను చేసే చేతులు ఆ ఆరునెలలూ బట్టీ పక్కన తాము చేసిన ఇటుకలనే పేర్చుకుని, పైన తాటాకో రేకో కప్పుకుని, మనిషి నిటారుగా నిలబడటానికి వీల్లేని గుడిసెల్లో ఉంటాయి. ఇళ్ల మీద రాసే ఏ సర్వేలోనైనా ఆ గుడిసెకు చోటుండాలి.

నవా రాయ్‌పూర్

పాత రాయ్‌పూర్ జనాభా 2011 నాటికే పది లక్షలు దాటింది. రాష్ట్రం ఏర్పడ్డాక హౌసింగ్ బోర్డు సడ్డూ, కబీర్ నగర్, సేజ్‌బహార్ వంటి శివార్లలో కాలనీలు కట్టింది. కొత్త రాజధానిని మాత్రం మందిర్ హసౌద్‌కు దక్షిణాన 41 గ్రామాల పరిధిలో వేశారు. వెడల్పాటి రోడ్లు, అంకెల సెక్టార్లు, 2012లో ప్రారంభమైన సచివాలయం, దానికి ముందే 2008లో వచ్చిన క్రికెట్ స్టేడియం. 2018లో వాజ్‌పేయి మరణం తరువాత అటల్ నగర్ అన్న పేరు చేరింది. ఆఫీసులు ముందు వచ్చాయి, కాపురాలు వెనక వచ్చాయి. చాలా ఏళ్లు ఉద్యోగులు పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం పాత ఊరికి తిరిగి వచ్చేవారు. మందిర్ హసౌద్ నుంచి కొత్త నగరం మీదుగా కేంద్రీ వైపు రైలు మార్గం వేసి, 2025 మార్చి 30న ప్రధాని రాయ్‌పూర్–అభన్‌పూర్ మెము రైలును ప్రారంభించారు. అదే సభలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద రాష్ట్రంలో మూడు లక్షల కుటుంబాల గృహప్రవేశం కూడా జరిపించారు.

నగర పరిధిలోనే ఉప్పర్‌వారా దగ్గర పుర్ఖౌతీ ముక్తాంగణ్ ఉంది. 2006లో అబ్దుల్ కలాం ప్రారంభించిన ఈ ఆరుబయలు మ్యూజియంలో రాష్ట్రపు జానపద శిల్పాలు, గిరిజనుల ఇళ్ల నమూనాలు నిలబెట్టారు. బాగా చేసిన పనే. కానీ ఆ నమూనాకు కొన్ని కిలోమీటర్ల దూరంలో అసలు పల్లె ఇళ్లు సెక్టార్ల మధ్య ఇరుక్కుని, తమ కాపురపు నేలకు పట్టా ఇవ్వమని అడుగుతున్నాయి. 2022లో ప్రభావిత గ్రామాల రైతులు నెలల తరబడి చేసిన ధర్నాలో పరిహారంతో పాటు ఆ డిమాండూ ఉంది.

లెక్కలోకి రానివి

మామూలు ఇళ్లను కాపాడుకోవలసినవిగా లెక్కించిన చోటూ ఉంది. అమెరికా నగరం షికాగోలో 1910–1940 మధ్య మామూలు కార్మికులకు, గుమాస్తాలకు కట్టిన ఇటుక బంగళాలు దాదాపు 80,000 ఉన్నాయి. 2000లో అక్కడి నగరపాలక సంస్థ వాటిని గుర్తించి, మరమ్మతుకు సలహా, సాయం అందే ఏర్పాటు చేసింది. వాటిలో నివసించేవారు వెళ్లిపోనక్కర్లేదు. మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కనీసం నూరేళ్ల వయసు అడుగుతుంది. దాని జాబితాలో ఆరంగ్‌లోని భాండ్ దేవల్ జైన ఆలయం లాంటివి ఉంటాయి. ఏటా అలికి కొత్తగా చేసుకునే పర్ఛీ ఇల్లు ఆ కొలతకు ఎప్పుడూ అందదు.

గృహ పథకాల కొలత మరోటి. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మైదాన ప్రాంతంలో ఒక ఇంటికి 1.20 లక్షల రూపాయలు ఇస్తుంది. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, పక్కా ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఇది 2023 ఎన్నికల్లో పెద్ద అంశమైంది. కొత్త ప్రభుత్వపు తొలి మంత్రివర్గ సమావేశమే 18 లక్షల ఇళ్లకు ఆమోదం తెలిపింది. వానకు కారని కప్పు, పాము దూరని గోడ చాలా కుటుంబాలకు మొదటిసారి దక్కాయి. ఆ 25 చదరపు మీటర్లలో రెండు గదులు పడతాయి. పర్ఛీ పట్టదు, కోఠా అసలే పట్టదు. అందుకే మందిర్ హసౌద్ చుట్టుపక్కల ఆవాస్ ఇళ్లను గమనిస్తే, కొత్త స్లాబు గది ముందు వెదురు కర్రల మీద రేకో పెంకో వేసి ఒక వసారా దింపి ఉంటుంది. వెనక పాత మట్టి గదిని కూల్చకుండా వంటకో ధాన్యానికో ఉంచుకుంటారు. ఇంజనీరు నక్షాలో లేని ఆ భాగాన్ని ఇంటివాళ్లే తమ ఖర్చుతో కట్టుకుంటారు, బిల్లు వచ్చాక.